బక్కగా ఉన్నాడని పక్కన పెడితే ఎలా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) ఆడే కుర్రాళ్లను పెద్ద టీముల్లోకి ఎంచుకునే పద్ధతి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు జూనియర్ క్లబ్బుల్లో ఇప్పుడు తెలుగు పిల్లలు బాగానే కనపడుతున్నారు. ఆస్కిక్‌లో (చిన్నపిల్లలకు ఫుటీ నేర్పే కార్యక్రమం) ఉన్నన్నాళ్లూ ఎవరూ ఎవరి ఒళ్లూ చూడరు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చి ట్రయల్స్ మొదలయ్యాక మాత్రం ఒకే మాట చెవిన పడుతుంది. "వాడి ఆట బాగుంది, మనిషే మరీ బక్కగా ఉన్నాడు. వచ్చే ఏడాది చూద్దాం." ఆ వచ్చే ఏడాది చాలామందికి రానే రాదు. మనసు విరిగి ఆట మానేస్తారు.

ఇది మన పిల్లల సమస్యే కాదు. వియత్నాం నుంచి వచ్చినవాళ్ల పిల్లలకైనా, ఇక్కడే తరతరాలుగా ఉన్నవాళ్ల పిల్లలకైనా జరుగుతున్నది ఇదే. నా అభ్యంతరం ఒక్కటే. సన్నగా ఉన్న కుర్రాడి విషయంలో అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. వీడికి ఆట తెలుసా? ఈ వారం, ఈ ప్రత్యర్థుల మధ్య వీడి ఒళ్లు తట్టుకుంటుందా? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబుతో వాడిని ఉంచుకోవాలో వద్దో తేల్చాలి. రెండోదాని జవాబుతో వాడిని ఎక్కడ నిలబెట్టాలి, ఎంతసేపు ఆడించాలి అన్నది తేల్చాలి. మన సెలెక్టర్లు రెండో ప్రశ్న ఒక్కటే అడిగి, దాని జవాబుతోనే కుర్రాడి భవిష్యత్తు తేల్చేస్తున్నారు.

ఏఎఫ్ఎల్ (ఈ దేశపు అగ్రశ్రేణి ఫుటీ లీగ్) ఆటగాడు కేలబ్ డేనియల్ సంగతి మా పడమటి వాళ్లకు బాగా తెలుసు. ఎత్తు 168 సెంటీమీటర్లు. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఆడతాడు. 2014లో జాతీయ అండర్ 18 పోటీల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే లార్క్ మెడల్ అతనికే వచ్చింది. అదే ఏడాది చివర్లో జరిగిన డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మాత్రం అతనికంటే ముందు 45 పేర్లు పిలిచారు. దేశం మొత్తంలో తన ఈడు వాళ్లలో మేటి అని మెడల్ ఇచ్చిన కొన్ని నెలలకే, దాదాపు ప్రతి క్లబ్బూ అతన్ని దాటుకుని వెళ్లిపోయింది. చివరికి 46వ పిక్‌తో మా పడమటి వైపు క్లబ్ వెస్టర్న్ బుల్‌డాగ్స్ తీసుకుంది. 2015లో తొలి మ్యాచ్ ఆడాడు. 2016లో సిడ్నీ మీద గ్రాండ్ ఫైనల్ గెలిచిన జట్టులో ఇరవయ్యేళ్ల కుర్రాడిగా ఉన్నాడు. 1954 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి కప్పు. 2020లో ఆ ఏటి మేటి ఆటగాళ్లతో ఎంచే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులోకి వచ్చాడు, అదే ఏడాది క్లబ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఈ మధ్యలో అతనేమీ పొడుగవలేదు. అతని కాలికున్న గురి వల్ల మేలు జరిగే చోటు వెతికి, హాఫ్ బ్యాక్‌లో (వెనక వరుసలో) నిలబెట్టి, బంతి అతని చేతికి అందేలా ఆట నడిపించారు.

ప్రతి చిన్న కుర్రాడూ డేనియల్ కాలేడని నాకూ తెలుసు. కానీ మొదటి ప్రశ్న అడగకపోతే ఎవడు డేనియలో, ఎవడు కాదో తేలేదెలా?

పోయిన సీజన్లో మా తమ్ముడి కొడుకు ట్రయల్ మ్యాచ్ చూడటానికి వెళ్లాను. అంతకుముందు రాత్రి వాన పడి ఓవల్ ఒక పక్కంతా చిత్తడిగా ఉంది. సెంటర్ బౌన్స్ (మైదానం మధ్యలో బంతి ఎగరేసి ఆట మొదలుపెట్టడం) అవగానే ఏడెనిమిది మంది బంతి మీద పడ్డారు. వాడు పడలేదు. గుంపుకు రెండడుగుల వెనక, కాస్త ఎడంగా ఆగాడు. తడిసిన బంతి గుంపులోంచి జారి సరిగ్గా అటే వచ్చింది. రెండో బౌన్స్‌కు అందుకున్నాడు. ట్యాకిల్ చేయడానికి వస్తున్నవాడు మీద పడేలోపే వింగ్‌లో ఖాళీగా ఉన్న కుర్రాడికి ఎడమ చేత్తో హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టి బంతి అందించడం) ఇచ్చేశాడు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన "భయపడుతున్నాడు" అన్నాడు. కాసేపటికి మళ్లీ అంతే జరిగింది. బంతి ఎటు జారుతుందో ముందే పసిగట్టినవాడికి గుంపులో దూరి దెబ్బలు తినాల్సిన పనేముంది? రెండో క్వార్టర్ నుంచి వాడిని ఫార్వర్డ్ పాకెట్‌కు (ప్రత్యర్థి గోల్ పక్క మూలకు) పంపారు. ఆ బురదలో బంతి అక్కడిదాకా వచ్చిందే తక్కువ. తర్వాత ఇచ్చిన కాగితంలో ఒళ్లు గట్టిపడాలని, ట్యాకిల్‌లో బలం చాలదని ఉంది. ఆట చదవగలడా, సరైన మనిషికి ఇస్తున్నాడా అన్నదాని మీద ఒక్క ముక్క లేదు. అది ఏ క్లబ్బన్నది ఇక్కడ అనవసరం. ఇలాంటి కాగితాలు చాలా ఇళ్లకు వస్తున్నాయి.

పుట్టిన నెల సంగతి కూడా చూడాలి. వయసు గ్రూపులు జనవరి నుంచి డిసెంబరు లెక్కన కడతారు. జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే అండర్ 14లో ఆడతారు. ఆ ఈడులో దాదాపు ఏడాది తేడా అంటే మాటలు కాదు. పైగా కొందరు పన్నెండుకే ఏపుగా ఎదుగుతారు, కొందరికి పదహారు దాకా మీసం మొలవదు. ముందు ఎదిగినవాడు టీములోకి వస్తాడు. వాడికి మంచి కోచ్ దొరుకుతాడు, గట్టి మ్యాచ్‌లు దొరుకుతాయి. వెనక ఎదిగేవాడు పద్దెనిమిదేళ్లకు ఒంటిలో సమానమవుతాడు, కానీ ఈలోపు నాలుగేళ్ల శిక్షణ పోగొట్టుకుంటాడు. అప్పుడు చూసి "చూశారా, వీడిలో పస లేదు" అంటే ఏం న్యాయం? బుల్‌డాగ్స్ డిఫెండర్ డేల్ మోరిస్ మా పక్కనున్న వెరిబీ జట్టులో వీఎఫ్ఎల్ (ఏఎఫ్ఎల్ కంటే కింది స్థాయి లీగ్) ఆడి, రూకీగా (కొత్త ఆటగాడిగా) క్లబ్ లిస్టులోకి వచ్చి, 2005లో గానీ పెద్ద టీములో తొలి మ్యాచ్ ఆడలేదు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. 2016 గ్రాండ్ ఫైనల్ చివరి నిమిషాల్లో లాన్స్ ఫ్రాంక్లిన్‌ను అతను ట్యాకిల్ చేసినది చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు.

అలాగని బక్కపల్చని కుర్రాడిని తెచ్చి వెంటనే పెద్దవాళ్ల మధ్య దింపమని నేననడం లేదు. ఏఎఫ్ఎల్‌లో పద్దెనిమిదేళ్లవాడి ఎదురుగా నిలబడేది తొంభై, తొంభై అయిదు కిలోల నిండు మనిషి. తలకు దెబ్బ తగిలి కంకషన్ అని తేలితే కనీసం పన్నెండు రోజులు ఆడనివ్వరు. అంత జాగ్రత్త ఊరికే పెట్టలేదు. ఇక్కడ అభిమానుల తొందర కూడా చేటు చేస్తోంది. జమారా ఉగ్ల్-హేగన్‌ను 2020 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా తీసుకున్నాక, తొలి మ్యాచ్ ఇవ్వడానికి క్లబ్ 2021 జులై దాకా ఆగింది. మొదటి పిక్‌ను రిజర్వ్స్‌లో (రెండో జట్టులో) కూర్చోబెడతారా అని ఎంతమంది విసుక్కున్నారో! శామ్ డార్సీది ఇంకో రకం. 208 సెంటీమీటర్ల పొడుగు, పీలగా ఉండే ఒళ్లు. 2021లో రెండో పిక్. మొదటి రెండు సీజన్లూ గాయాలతోనే గడిచాయి, ఆడినవి కొన్ని మ్యాచ్‌లే. డిఫెన్స్‌లోనూ ఆడించి చూశారు. 2024లో ఫార్వర్డ్‌గా కుదురుకున్నాడు. 2023లోనే "పనికిరాడు" అని తేల్చినవాళ్లు నాకు తెలుసు. పొడుగు కుర్రాళ్లు ఒళ్లు నిండటానికి మూడు నాలుగేళ్లు పడుతుందని ఫుటీ తెలిసినవాళ్లందరూ ఒప్పుకుంటారు. ఒక చెడ్డ మ్యాచ్ కాగానే ఆ మాట మరిచిపోతారు.

నా దృష్టిలో మంచి సెలెక్షన్ అంటే కుర్రాడిని లిస్టులో గట్టిగా పట్టుకుని, టీములోకి నిదానంగా తేవడం. వీఎఫ్ఎల్‌లో నాలుగు క్వార్టర్లు బంతి వెంట పరుగెత్తడం, సీనియర్ జట్టులో బెంచి మీద కూర్చుని చివర్లో కాసేపు దిగడం కంటే వాడికి ఎక్కువ నేర్పుతుంది. వాన పడ్డ రోజు పక్కన పెట్టారంటే తప్పు లేదు. ఎందుకు పెట్టారో, తిరిగి రావడానికి ఏం చేయాలో వాడికి చెప్పకపోవడమే తప్పు.

తల్లిదండ్రులతో కూడా ఒక మాట. ట్రయల్‌లో "బక్కగా ఉన్నాడు" అనగానే ప్రోటీన్ డబ్బాలు, ఏవేవో పొడులు కొని తెస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2012లో ఎసెండన్ క్లబ్ నడిపిన సప్లిమెంట్ల కార్యక్రమం వల్ల 2016లో 34 మంది ఆటగాళ్ల మీద నిషేధం పడింది. వాళ్లందరూ పెద్ద క్లబ్బులో, నిపుణుల కింద ఉన్నవాళ్లు. ఇంట్లో మనం చూసి కొనే డబ్బాలో ఏముందో మనకేం తెలుసు? ఎదిగే పిల్లాడికి కడుపు నిండా తిండి, కంటి నిండా నిద్ర ఉంటే ఒళ్లు తన సమయానికి తను వస్తుంది. కోచ్‌ను అడగాల్సింది వాడు ఎన్ని కిలోలు పెరగాలని కాదు, వచ్చే మూడు నెలల్లో ఏం నేర్చుకోవాలని.

తల్లిదండ్రుల్లో ఒకరైనా ఆసియాలో పుట్టినవాళ్లయితే ఆ పిల్లలకు ఏఎఫ్ఎల్ క్లబ్బుల నెక్స్ట్ జనరేషన్ అకాడమీల్లోకి (క్లబ్బులు నడిపే శిక్షణ కేంద్రాల్లోకి) దారి ఉంది. ఉగ్ల్-హేగన్ కూడా బుల్‌డాగ్స్ అకాడమీ నుంచే వచ్చాడు. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. అకాడమీ వాళ్లకు, ఈ ప్రాంతపు అండర్ 18 జట్టు వెస్టర్న్ జెట్స్‌కు, జూనియర్ క్లబ్బులకు నా విన్నపం ఇది. ఎంపిక కాగితంలో ఆటకు ఒక భాగం, ఒంటికి వేరే భాగం పెట్టండి. పుట్టిన నెల పైన రాయండి. ఒక్క ట్రయల్ చూసి తేల్చకండి, పొడి నేల మీద కూడా ఒకసారి చూడండి. ఎంపిక కానివాళ్లలో ఆట తెలిసిన పిల్లలను వారానికి ఒక్కరోజైనా టీముతో పాటు ట్రైనింగ్‌కు రానివ్వండి. ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు.

మీ పత్రిక ఆస్ట్రేలియా పేజీలో క్రికెట్ వార్తలకు ఇచ్చే చోటులో కొంత ఫుటీకి ఇవ్వమని కోరుతున్నాను. సీజన్ మొదలవక ముందే ట్రయల్స్ తేదీలు వేయండి. ఈ ప్రాంతపు సెలెక్టర్లలో ఒకరిని పిలిచి, సన్నగా ఉన్న కుర్రాడిలో వాళ్లు ఏం చూస్తారో మా అందరి తరఫున అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టార్నీట్, మెల్‌బోర్న్