టేపు పుట్టుపూర్వోత్తరాలు చెరిపేయకండి

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో పాత రాక్ కచేరీల లైవ్ రికార్డింగుల మీద వచ్చిన వ్యాసం చదివాం. ఈ సంగీతానికి తెలుగు పత్రికలో అంత చోటు దొరకడం మాకు నిజంగా సంతోషం. అయితే అందులో రెండు మాటలు సరిదిద్దక తప్పదు. అభిమానుల మధ్య తిరిగే కచేరీ టేపులన్నీ దొంగ సరుకేనన్నది ఒకటి. పాత క్యాసెట్టు దొరికితే సాఫ్ట్‌వేర్‌తో రొద తీసేసి ఎంపీ3 చేసి పెట్టుకోమన్న సలహా రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది. రెండోది ఎవరైనా పాటిస్తే మళ్లీ తిరిగి రానిది పోతుంది, అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే.

దొంగ సరుకు అన్న మాట అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పేరుతో అనుమతి లేకుండా అమ్మిన ఎల్పీలకు వర్తిస్తుంది. అమెరికా రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ సంగతి వేరు. ఆ బృందం 1984 అక్టోబరులో బర్క్‌లీ కచేరీల నుంచి హాల్లో సౌండ్‌బోర్డు (వేదిక మీది మైకుల శబ్దాన్ని కలిపే మిక్సర్) వెనక టేపర్లకు, అంటే కచేరీని రికార్డు చేసుకునే అభిమానులకు, విడిగా సీట్లు కేటాయించి, టికెట్లు అమ్మింది. షరతు ఒక్కటే: ఆ టేపులతో ఎవరూ డబ్బు చేసుకోకూడదు. కాబట్టి కొత్తవాళ్లకు కాపీ కావాలంటే ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా ఖర్చు పంపేవారు, అవతలివాళ్లు కాపీ చేసి పంపేవారు. ఈ మర్యాదే తర్వాత కంప్యూటర్లకూ వచ్చింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2002లో మొదలైన లైవ్ మ్యూజిక్ విభాగం అనుమతి ఇచ్చిన బృందాల కచేరీలనే పెడుతుంది. 2005 నవంబరు తర్వాత అక్కడ డెడ్ బోర్డు టేపులు (సౌండ్‌బోర్డు నుంచి నేరుగా తీసుకున్నవి) వినడానికి మాత్రమే ఉన్నాయి, ప్రేక్షకుల్లోంచి చేసినవి దించుకోవచ్చు. అధికారికంగా విడుదలైన కచేరీని పంచుకోకపోవడం కూడా ఈ మర్యాదలో భాగమే.

ఇక అసలు విషయం. పాత కచేరీ టేపుకు విలువ తెచ్చేది అందులోని పాట ఒక్కటే కాదు. అది ఏ మైకులోంచి వచ్చింది, ఏ మిషను మీద ఎక్కింది, మన చేతికి వచ్చేసరికి ఎన్ని చేతులు మారింది అన్న వంశావళి కూడా. అది పోతే ఏమవుతుందో డిలన్ టేపే చెబుతుంది. 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో జరిగిన కచేరీ ఏళ్ల తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ పేరుతో తిరిగింది. 1998లో కంపెనీ దాన్ని అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా జనం నోట నానిన ఆ తప్పు పేరునే కొటేషన్ గుర్తుల మధ్య ముఖచిత్రం మీద వేయాల్సి వచ్చింది. ఒక్క చీటీ మీద రాసిన తప్పు ముప్పై ఏళ్లు వదల్లేదు.

డెడ్ అభిమానులు నెత్తిన పెట్టుకునే 1977 మే 8 కచేరీ, న్యూయార్క్ రాష్ట్రం ఇతాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్లో జరిగింది. బోర్డు దగ్గర రికార్డు చేసినది బెట్టీ కాంటర్-జాక్సన్. ఆమె చేసిన టేపులకు అభిమానులు పెట్టుకున్న పేరు బెట్టీ బోర్డ్స్. నిల్వగది అద్దె బాకీ పడి 1986లో ఆ టేపులు వేలానికి వెళ్లిపోయాయి. కొన్న చేతుల్లో కొన్ని బూజు పట్టాయి. వాటిలో చాలావాటి కాపీలు అభిమానుల్లో తిరిగాయి. కార్నెల్ రికార్డింగ్ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో 2011 ఎంపికల్లో చేరింది, అధికారిక విడుదల 2017లో గానీ రాలేదు. ఆ నలభై ఏళ్లలో సంగీతాన్ని విన్నవాళ్లంతా విన్నది అభిమానులు ఒకరికొకరు ఇచ్చుకున్న కాపీలనే.

కాపీ అంటే నష్టమే. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు మొదటి కాపీ చేసేసరికే టేపు రొద ఇంచుమించు 3 డెసిబెల్స్ పెరుగుతుంది. ప్రతి మిషను తన వేగాన్నీ తన హెడ్డు (టేపును చదివే భాగం) వంకరనూ కలుపుతుంది. నాలుగో తరం వచ్చేసరికి తాళపు చిప్పల మెరుపు పోయి ఉసూరుమంటుంది. అందుకే టేపర్లు ముందు అడిగేది ‘ఎన్నో తరం?’ అనే. బోర్డు టేపే ఎప్పుడూ మేలనుకోవడం కూడా పొరపాటు. చిన్న హాల్లో గిటార్ల ఆంప్లిఫయర్లు వేదిక మీదే గట్టిగా మోగుతాయి కాబట్టి బోర్డులోకి వాటిని తక్కువగా పంపుతారు. టేపులో గొంతు ముందుకొచ్చి, గిటారు ఎక్కడో పక్కగదిలో వాయిస్తున్నట్టు ఉంటుంది. అదే కచేరీని బోర్డుకు ముందు, నడిమధ్యలో ఎత్తుగా పెట్టిన రెండు కార్డియాయిడ్ మైకులు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి; మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు) పట్టిన టేపు వింటే హాలు హాలంతా కళ్లకు కడుతుంది. రెంటినీ కలిపి మ్యాట్రిక్స్ చేసేవాళ్లున్నారు. శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి 25 మీటర్ల వెనకున్న మైకు టేపును సుమారు 73 మిల్లీసెకన్లు ముందుకు జరపాలి. అంతటితో అయిపోదు. రెండు మిషన్ల వేగంలో వెయ్యింట ఒక వంతు తేడా ఉన్నా గంట గడిచేసరికి 3.6 సెకన్లు పక్కకు పోతాయి, దారి పొడవునా సరిచేస్తూ పోవాలి.

క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా అంతే శ్రద్ధగా చేయాలి. వెనక రికార్డు ట్యాబులు విరిచేసి, ప్లే నొక్కేముందు టేపును ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా తిప్పితే బిగువు సమానమవుతుంది. లోపల హెడ్డుకు ఎదురుగా ఉండే చిన్న ఫెల్టు దిండు ఊడిందేమో చూడండి. ఊడితే పై స్థాయి శబ్దం (తాళపు చిప్పల్లాంటి సన్నటి మోత) వస్తూ పోతూ ఉంటుంది, టేపు పాడైందని జనం పారేసేది ఇలాంటివే. అయిదు మరలతో విప్పగలిగే ఇంకో క్యాసెట్టు డొక్కలోకి టేపు మార్చుకుంటే సరి. హెడ్డు, టేపును లాగే క్యాప్‌స్టన్ కడ్డీ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి, రబ్బరు రోలరును మాత్రం దానితో తడపకూడదు, గట్టిపడుతుంది. దానికి రెండు చుక్కల సబ్బునీళ్లు చాలు.

తర్వాత అజిముత్, అంటే టేపుకు హెడ్డు నిలిచే కోణం. చాలామంది వదిలేసేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. హెడ్డు పక్కన, సాధారణంగా ఎడమవైపు, స్ప్రింగుతో ఒక చిన్న మర ఉంటుంది. ఆంప్లిఫయరును మోనోలో పెట్టి, తాళపు చిప్పలు బాగా మోగే పాట పెట్టుకుని, సన్నటి స్క్రూడ్రైవరుతో ఆ మరను ఆవగింజంత ఆవగింజంత తిప్పండి. ముసుగు కప్పినట్టున్న శబ్దం ఒక చోట ఉన్నట్టుండి తెరుచుకుంటుంది, రెండు చానళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం ఆగిన చోటు అదే. పావు చుట్టుకు మించి అవసరం రాదు. రెండో వైపు మళ్లీ వినాలి, రెండు వైపులూ ఒకలా ఉండవు. మొదట మర ఎక్కడుందో గుర్తు పెట్టుకుని పని అయ్యాక అక్కడికే తేవాలి. అజిముత్ సరిచేయకుండా డాల్బీ (టేపు రొద తగ్గించే ఏర్పాటు) స్విచ్ జోలికి పోవద్దు. డాల్బీ బీ పై స్థాయి శబ్దం బలాన్ని చూసి పనిచేస్తుంది, ఆ శబ్దం ముందే తగ్గిపోయి ఉంటే ఇంకా అణిచేస్తుంది. డాల్బీలో రికార్డయిందో లేదో తేల్చుకోలేకపోతే ఆపేసే ఎక్కించండి. ఎక్కిన రొదతో తర్వాత ఏదైనా చేయవచ్చు, అణిగిపోయిన తాళాన్ని తేలేం.

ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి తీగ దూర్చకండి, అది మోనో, స్థాయి కూడా కలవదు. లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ పెట్టి, 24 బిట్లలో, 48 లేదా 96 కిలోహెర్ట్జ్ వేగంలో, గట్టి శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఎక్కించండి. ఆటోమేటిక్ లెవెల్ ఉంటే తీసేయండి. గుయ్‌మనే శబ్దం వస్తుంటే ముందు ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడే పోతుంది. రీలు టేపయితే ఇంకో జాగ్రత్త. డెబ్బైల మధ్య నుంచి వచ్చిన ఆంపెక్స్ 456 వంటి రీళ్లలో అంటు పదార్థం గాలిలో తేమ పీల్చి జిగురవుతుంది. కీచుమంటూ ఆగిపోతూ, హెడ్డు మీద గోధుమరంగు మడ్డి వదులుతుంది. అలాంటిదాన్ని సుమారు 54 డిగ్రీల సెల్సియస్‌లో ఎనిమిది గంటల పైచిలుకు ఆరబెడితే కొన్ని వారాలు ఆడుతుంది. వంటింటి ఓవెన్ వద్దు, దాని వేడి నిలకడగా ఉండదు. వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు చుట్టలోంచి కాంతి దూరి కనిపిస్తే అది అసిటేట్ టేపు, దాన్ని వేడి చేయనే కూడదు.

ఎక్కించాక వేగం చూడాలి, ఇక్కడ మన దేశంలో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మన మిషను కలిపే గుయ్ 50 దగ్గర పడుతుంది, టేపులో ఉన్నది 60 దగ్గర. రెండూ స్పెక్ట్రమ్‌లో (శబ్దంలోని ఫ్రీక్వెన్సీలను చూపే పటంలో) విడివిడి గీతలుగా కనిపిస్తాయి. 60 ఉండాల్సింది 61.2 దగ్గర ఉంటే టేపు నూటికి రెండు వంతులు వేగంగా ఆడుతోందన్నమాట. మూడో రెట్టు దగ్గర, అంటే 180కి బదులు 183.6, చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కానీ ఆ గీత కచేరీనాటిదో, తర్వాత ఎవరింట్లోనో కాపీ చేసినప్పటిదో గీత చెప్పదు. వాయిద్యంతో సరిచూడాలి. గిటారు శ్రుతి నమ్మలేం. ఆల్‌మన్ బ్రదర్స్ అనే అమెరికా రాక్ బృందం టేపుల్లోలా పాత హామండ్ ఆర్గన్ ఉంటే నమ్మవచ్చు. దాని చక్రాలు కరెంటు ఫ్రీక్వెన్సీతోనే తిరుగుతాయి, శ్రుతి మార్చే వీలు లేదు.

రొద తీసే సాఫ్ట్‌వేర్ గురించి మీ వ్యాసం చెప్పినదానికి మా అభ్యంతరం ఇదీ: ఆ రొద ఉన్న చోటే తాళపు చివరి మోత, హాలు గాలి, చప్పట్లకు ముందు క్షణం నిశ్శబ్దం ఉంటాయి. గట్టిగా తీస్తే నీళ్లలోంచి విన్నట్టు బుడబుడమంటుంది. మీ చెవి కోసం తీసుకోండి, కానీ మొదట ఎక్కించిన వేవ్ ఫైలు ముట్టుకోకుండా దాచండి, పంచేది రొద తీయనిదాన్నే. టేపు తిప్పిన చోట రెండు నిమిషాలు పోయి ఉంటే పోయిందని రాయండి. వేరే టేపు ముక్క అతికిస్తే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అతికించారో రాయండి.

సీడీ కోసం 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లకు మార్చి పాటలుగా విడగొట్టేటప్పుడు సీడీ సెక్టారు (సీడీ మీది చిన్న ముక్క) హద్దుల మీద కోయాలి, అంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో ప్రతి 588 శాంపిళ్లకు. హద్దు తప్పితే సీడీ రాసే సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని సున్నాలతో నింపుతుంది, పాట నుంచి పాటకు ఆగకుండా వెళ్లే బృందాల కచేరీలో అక్కడ టిక్కుమంటుంది. తర్వాత ఫ్లాక్, అంటే శబ్దం ఏమీ పోకుండా ఫైలును చిన్నది చేసే పద్ధతి. మూడు గంటల కచేరీ 16 బిట్ల వేవ్‌లో 1.9 గిగాబైట్లు, ఫ్లాక్‌లో అందులో ఇంచుమించు సగం, ఒక్క బిట్టు పోదు. ఎంపీ3ని మళ్లీ ఫ్లాక్ చేస్తే పోయినది రాదు. స్పెక్ట్రమ్‌లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైనంతా నల్లగా ఉంటే అది ఎంపీ3 తాలూకు గుర్తు. క్యాసెట్టు కూడా అటూఇటూగా అక్కడే సన్నగిల్లుతుంది, కానీ మెల్లగా, పైన రొద మిగిలే ఉంటుంది. ఆ రెంటికీ తేడా తెలియక మంచి టేపులను నకిలీలని కొట్టిపారేసినవాళ్లున్నారు.

చివరగా, ఫైళ్ల పక్కన ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. బృందం, తేదీ, హాలు, ఊరు. మైకులా, బోర్డా. మైకులైతే ఏవి, ఎక్కడ పెట్టారు. ఏ మిషను, ఏ టేపు, డాల్బీ ఉందా. మధ్యలో ఎన్ని కాపీలు. ఎక్కించిన డెక్కు, ఇంటర్‌ఫేస్, వేగం ఎంత మార్చారు. తెలియనిచోట ‘తెలియదు’ అనే రాయాలి, ఊహ రాస్తే ఆల్బర్ట్ హాల్ కథే. ఎండీ5 సంఖ్యలు (ఫైళ్లకు వేలిముద్రల్లాంటివి) చేర్చండి, ఫైలు ఒక్క బిట్టు మారినా అవి కలవవు.

ఇదంతా అమెరికా టేపులకే కాదు. మన ఇళ్ల అటకల మీద సభల్లో శ్రోతలు పట్టుకున్న కర్ణాటక కచేరీల, హరికథల, పద్యనాటకాల క్యాసెట్లున్నాయి. వాటి మీద చాలావరకు విద్వాంసుల పేరు ఒక్కటే ఉంటుంది, మృదంగం ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం ఉండదు. ఆ సభకు వెళ్లినవాళ్లను ఇప్పుడే అడిగి రాసుకోవాలి.

మీ పత్రిక ఇకమీదట ఏదైనా పాత కచేరీ రికార్డింగును పాఠకులకు పరిచయం చేసినప్పుడు, పాటల పేర్ల కింద ఒక్క వాక్యం అదనంగా వేయమని మా కోరిక: బోర్డు టేపా, ప్రేక్షకుల టేపా, ఎన్నో తరం కాపీ, ఆ బృందం అనుమతి ఉందా లేదా.

ఇట్లు,
పాత కచేరీ టేపుల శ్రోతలు కొందరు,
సికింద్రాబాద్