రాత్రి డ్యూటీ సిస్టర్ గారికి కృతజ్ఞతలతో

మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు, తప్పులుంటే మన్నించండి. ఇప్పుడు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయలేను.

పద్దెనిమిది గంటల నొప్పుల తర్వాత పాప పుట్టింది. పక్కలో పడుకోబెట్టగానే నా కళ్లు తల మీదే పడ్డాయి. నడినెత్తి వెనక్కి సాగి, ఒక పక్కకు ఉబ్బి ఉంది. సరిగా ముక్కలేక నేనే పాపను ఇలా చేశానేమో అనుకున్నాను. అడిగితే పెద్ద డాక్టరు నడుస్తూనే "మామూలే" అన్నారు. కేసు షీటులో చూస్తే "కపుట్ సక్సిడేనియం" అని ఉంది. మామూలు వాటికి అంత పేరు పెడతారా?

రాత్రి రెండింటికి నా ఏడుపు విని ఆ సిస్టర్ వచ్చారు. ఊరడించలేదు. నాతో చేతులు కడిగించి, నా చూపుడు వేలు పట్టుకుని వాపు మీద ఆనించారు. "మెల్లగా అదమండి." వేలు తీస్తే చిన్న గుంట పడి, నెమ్మదిగా పూడింది.

"ఇది చర్మం కింద చేరిన నీరు. బయటికొచ్చే దారిలో తల ఒత్తుకుని ఊరింది. మెదడుకు సంబంధం లేదు." తర్వాత నా వేలిని పక్కకు జరిపారు. "ఇది రెండు ఎముకల అతుకు. వాపు దీన్ని దాటి అవతలికి పోయింది కదా? ఎముకను అంటుకుని రక్తం గూడుకడితే ఈ అతుకు దగ్గరే ఆగుతుంది. అది పుట్టిన కొన్ని గంటలకు తేలుతుంది, తగ్గడానికి వారాలు పడుతుంది, కామెర్లు కూడా రావచ్చు. ఇదైతే కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది. ఎవరినీ నొక్కి సరిచేయనివ్వకండి. వాపు పెరిగి చెవుల వైపో మెడ వైపో జారినా, పాప పాలిపోయినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పిలవండి."

లేచి వెళ్తూ, "మీ తప్పేం లేదమ్మా. దారి ఇరుకు, అంతే" అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ మాటకు కట్ట తెగింది.

ఆ రాత్రి వార్డు మొత్తానికి ఆవిడ ఒక్కరే. నాకిచ్చిన ఆ పది నిమిషాలు ఎవరి వంతులోంచి తీశారో! ఈ నాలుగు మాటలు పగలు చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. బిల్లు వివరించడానికి మాత్రం ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టారు.

అమ్మకు, మా ఆయనకు కృతజ్ఞతలు వేరే చెప్పేదేముంది.

ఈ ఉదయం తడిమి చూశాను. వాపు చేతికి తగల్లేదు.

అన్నట్టు, చార్జరు ఇచ్చిన పక్క మంచం ఆవిడకు, వీల్‌చైరు తోసిన అబ్బాయికి కూడా కృతజ్ఞతలు. అయ్యో, దుప్పటి రెండుసార్లు విసుక్కోకుండా మార్చిన ఆయాను మరచేపోయాను!