కూర్మనాథుడి జిల్లాలో తాబేలు టబ్బులో ఉండకూడదు

సంపాదకుడు గారికి నమస్కారం.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ఒక నక్షత్ర తాబేలు చనిపోయింది. కారణం మేమే. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. ఈమధ్య మా వీధిలోనే రెండిళ్లలో కొత్తగా తాబేళ్లు కనబడ్డాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

అప్పట్లో మావారి వ్యాపారం బాగా దెబ్బతింది. టెన్షన్‌తో ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు. ఇంట్లో ఉత్తరం వైపు తాబేలు ఉంటే కలిసొస్తుందని తెలిసినవాళ్లు అన్నారు. వాళ్ల ద్వారానే ఒకటి తెప్పించాం. అరచేతిలో పట్టేంత పిల్ల. నల్లటి డిప్ప మీద పసుపుపచ్చ గీతలు, ముగ్గు వేసినట్టు. నీళ్ల టబ్బులో ఉంచి, పక్కన దీపం వెలిగించి, రోజూ డిప్ప మీద బొట్టు పెట్టేదాన్ని. తాబేలంటే నీళ్లలో ఉండేదే కదా అనుకున్నాను. నెలన్నర కూడా బతకలేదు. నక్షత్ర తాబేలు మెట్ట జీవి అని, దానికి ఈత రాదని, ఎండ తగిలే నేలలో తుప్పల మధ్య గడ్డీ ఆకులూ తిని బతుకుతుందని ఆ తర్వాత తెలిసింది. పూజ చేస్తున్నాననుకుంటూ రోజూ దాన్ని కొంచెం కొంచెంగా చంపాను.

ఇది పాపం ఒక్కటే కాదు, నేరం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నక్షత్ర తాబేలు పులి, ఏనుగులతో పాటు ఒకటో షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో చేరింది. ఇంట్లో పెట్టుకుని దొరికితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, జరిమానా. మాకు అమ్మినవాళ్లు ఈ మాట చెప్పలేదు. ఎవరూ చెప్పరు.

అలాగని నాకు నమ్మకం పోలేదు. శ్రీకూర్మం మాకు దూరం కాదు. పడమటి ముఖంగా ఉన్న కూర్మనాథుణ్ణి చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, గుడి ఆవరణలో తాబేళ్లకు ఆకులు అందించినదాన్నే. మందర పర్వతం మునిగిపోతుంటే స్వామి కిందికి వెళ్లి వీపు మీద మోశాడు. పాముని తాడు చేసి లాగినవాళ్లు పైన ఉన్నారు, మోసినవాడు ఎవరికీ కనబడలేదు. గీత రెండో అధ్యాయంలోనూ తాబేలు ఉంది. అది అవయవాలను డిప్పలోకి ముడుచుకున్నట్టు, స్థితప్రజ్ఞుడు ఇంద్రియాలను విషయాల నుంచి లోపలికి తీసుకుంటాడట. కష్టంలో ఉన్న ఆ రోజుల్లో నాకు కావలసింది సరిగ్గా ఈ రెండే, ఓర్పు, మనసు కుదురు. నేర్చుకోవలసిన గుణాన్ని వదిలేసి ప్రాణిని కొనుక్కొచ్చాను.

ఇప్పుడు ఫోన్లలో 'మీకు దారి చూపే జంతువు ఏది' అని పిల్లలు చూస్తున్నారు. అలాంటి జంతువుకు వాడే టోటెమ్ అనే మాట ఉత్తర అమెరికాలోని ఒజిబ్వే ఆదివాసుల భాష నుంచి వచ్చింది. వాళ్లకు అది సరదాగా ఎంచుకునేది కాదు. కొంగ, ఎలుగుబంటి, చేప అంటూ వంశాలుంటాయి, ఒకే వంశంలో పెళ్లి చేసుకోరు. అంత దూరం పోనక్కర్లేదు. మన పక్కనున్న విశాఖ మన్యంలో కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి, వంతల అంటే పాము. ఇవన్నీ ఇంటిపేర్లే. మనిషికీ జంతువుకీ చుట్టరికం కలిపిన పేర్లవి. చుట్టాన్ని ఎవరూ పంజరంలో పెట్టరు కదా.

మన జిల్లాలోనే తేలినీలాపురం ఉంది. ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. అవి వస్తే ఊరికి మంచిదని ఆ ఊళ్లవాళ్ల నమ్మకం. రెట్టల కంపు ఎంతున్నా ఓర్చుకుంటారు. ఒక్క పిట్టనీ పట్టి ఇంట్లో కట్టేసుకోలేదు. మాకు తాబేలు కలిసిరాలేదు గానీ, వాళ్ల నమ్మకం మాత్రం ఆ పక్షులకు కలిసొచ్చింది.

అందుకే మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు. శ్రీకూర్మం గుడి దగ్గర, ముఖ్యంగా మొక్కులు తీర్చుకునే చోట, తాబేలును కొనడం, పెంచడం నేరమని తెలుగులో పెద్ద అక్షరాలతో దేవాదాయ శాఖ బోర్డు పెట్టాలి. మాలాంటి తెలియనివాళ్ల ఇళ్లలో ఇప్పటికే ఉన్న తాబేళ్లను ఎక్కడ, ఎవరికి అప్పగించాలో అటవీశాఖవారు స్పష్టంగా ప్రకటించాలి. కేసు పెడతారన్న భయంతో చాలామంది చీకటిపడ్డాక ఏ చెరువులోనో వదిలేస్తారు. నక్షత్ర తాబేలైతే మునిగి చస్తుంది. అక్వేరియం షాపుల్లో దొరికే చెవి దగ్గర ఎర్ర చార ఉన్న తాబేలైతే, అది అమెరికా జాతి, మన చెరువుల్లోని తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ వస్తుంది.

వాస్తు చెప్పే పెద్దలకూ ఒక మాట. ఇంట్లో తాబేలు ఉండాలని చెప్పేటప్పుడు 'ఇత్తడిది' అన్న ఒక్క మాట కలపండి. మా దేవుడి గదిలో ఇప్పుడు ఉన్నది అదే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శ్రీకాకుళం