మేలో పరీక్ష, జూన్‌లో ఖాళీ తరగతి: న్యూజెర్సీ విద్యాశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యూజెర్సీ రాష్ట్ర విద్యాశాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపించాను. ఇదే విషయాన్ని తెలుగులో కూడా రాయడానికి కారణం, ఇది మీకు ఎంత సంబంధించినదో ఎడిసన్ చుట్టుపక్కల కాపురముంటున్న మా తెలుగు తల్లిదండ్రులకూ అంతే సంబంధించినది కావడం.

మా అమ్మాయి పదో తరగతిలో ఏపీ యూరోపియన్ హిస్టరీ తీసుకుని 2025 మేలో పరీక్ష రాసింది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు అని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు గానీ, కాకినాడ నుంచి ఫోన్‌లో ఈ మాట విన్న మా అత్తగారు మాత్రం అమెరికాలో ఆంధ్రప్రదేశ్ చరిత్ర కూడా చెబుతున్నారా అని కాసేపు సంబరపడ్డారు. మా బంధుమిత్రుల్లో ఇక్కడున్న చాలామంది మాత్రం "అదెందుకమ్మా, ఆ పీరియడ్‌లో కంప్యూటర్ సైన్స్ తీసుకోరాదూ?" అన్నారు. నేను తెలుగు మాధ్యమంలో బి.ఏ. చరిత్ర చదివినదాన్ని కాబట్టి ఆ సలహాను పిల్ల చెవిన పడనివ్వలేదు.

పరీక్ష మీద నాకు ఫిర్యాదు లేదు. 1450 నుంచి నేటి దాకా ఉన్న యూరప్‌ను తొమ్మిది యూనిట్లుగా విడగొట్టి, మూడుంపావు గంటల్లో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడు చిన్న జవాబులు, రెండు వ్యాసాలు రాయించే ఈ పరీక్షలో తేదీలు వల్లె వేసినవారికి దక్కేది తక్కువ. ఒక వ్యాసానికి ఏడు చారిత్రక పత్రాలు ముందు పెట్టి, ఇది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎందుకు ఇలా రాశారు అని ఆలోచించమంటారు. నా డిగ్రీ మూడేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగినవారు ఒక్కరు కూడా లేరు.

నా బాధ క్యాలెండరు గురించి. ఈ పరీక్ష దేశమంతటా ఒకే రోజున, మే నెల మొదటి రెండు వారాల్లో జరుగుతుంది. 2025లో అయితే మొదటి వారంలోనే వచ్చింది. మన రాష్ట్రంలో ఎక్కువ బడులు లేబర్ డే వెళ్లాక, సెప్టెంబరు మొదటి వారంలో తెరుచుకుని జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. జార్జియాలో చాలాచోట్ల ఆగస్టు మొదటి వారానికే పాఠాలు మొదలై మే చివరికల్లా ముగుస్తాయి. అక్కడా ఇక్కడా పిల్లలు బడికి వెళ్లేది దాదాపు అన్నే రోజులు, మన చట్టం అడిగేదీ 180 రోజులే. కానీ పరీక్షకు ముందు వారికి దొరికే నెల రోజులు మనవారికి పరీక్ష అయిపోయాక దొరుకుతున్నాయి. అట్లాంటా దగ్గర ఉన్న మా పిన్ని కూతురి కొడుకూ ఇదే పరీక్షకు చదివాడు. మార్చి చివర్లో ఒక ఆదివారం మా అమ్మాయి వాడితో ఫోన్‌లో "అన్నయ్యా, మీరప్పుడే బెర్లిన్ గోడ కూల్చేశారా? మేమింకా బిస్మార్క్ దగ్గరే ఉన్నాం" అనడం నేను వంటింట్లోంచి విన్నాను. అంటే మనవారు పాఠంలో వందేళ్లకు పైగా వెనకబడి ఉన్నారన్నమాట. ఇద్దరూ నవ్వుకున్నారు గానీ నాకు నవ్వు రాలేదు.

పరీక్ష రాస్తారో లేదో తేల్చుకుని పేరు నమోదు చేసుకోవలసిన గడువు నవంబరు మధ్యలోనే ముగుస్తుంది, ఆ తరువాతైతే నలభై డాలర్ల అపరాధ రుసుము. ఆ సమయానికి మా అమ్మాయి తరగతి మత సంస్కరణోద్యమంలో మార్టిన్ లూథర్‌ను దాటి కాల్విన్ దగ్గరికి వచ్చింది. తొమ్మిదింటిలో రెండో యూనిట్ చదువుతున్న పిల్ల మొత్తం కోర్సు తన వల్ల అవుతుందో కాదో ఏ లెక్కన తేల్చుకుంటుంది?

ఆ టీచరును నేను ఒక్క మాట కూడా అనను. ఉన్న రోజుల్లో ఆవిడ చేయగలిగిందంతా చేశారు. ఏప్రిల్‌లో రెండు ప్రపంచ యుద్ధాలు, రష్యా విప్లవం, ప్రచ్ఛన్న యుద్ధం, సోవియట్ పతనం, యుగోస్లావియా అంతర్యుద్ధం అన్నీ మూడు వారాల్లోకి కుదించి చెప్పారు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు నిండా కార్డులు అంటించి ఉండేవి. 1648 వెస్ట్‌ఫేలియా సంధి కార్డు అంచులు నలిగి, మూల మీద పప్పు మరక పడింది. బెర్లిన్ గోడ కూలిన 1989 కార్డు మాత్రం అంటించిన నాటి తెల్లదనంతోనే మిగిలింది. పొయ్యి మీది టైమరు నలభై నిమిషాలకు పెట్టుకుని మా అమ్మాయి పెద్ద వ్యాసం సాధన చేసేది. ఆ ప్రశ్నకు మూడు ఐచ్ఛికాలుంటాయి, ఒకటి ఎంచుకుని రాయాలి. మొదటిది 1450–1700, రెండోది 1648–1914, మూడోది 1815–2001. పరీక్ష రోజు కారెక్కాక ప్రశ్నలేమిటో చెప్పకూడదన్న నిబంధన గుర్తుచేసుకుని ఏమీ చెప్పలేదు గానీ, ఒక్క మాట మాత్రం అంది: "అమ్మా, మూడో ప్రశ్న నేను చదవను కూడా చదవలేదు."

హోలోకాస్ట్ గురించి, జాతి నిర్మూలన గురించి ప్రతి ప్రభుత్వ పాఠశాలలోనూ చెప్పి తీరాలని 1994లోనే చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. అలాంటి రాష్ట్రంలో యూరప్ చరిత్రను అన్నింటికంటే లోతుగా చెప్పే కోర్సులోనే ఇరవయ్యో శతాబ్దం ఇలా పరుగుల మీద గడిచిపోవడాన్ని మీరు కూడా సమర్థించరని నా నమ్మకం.

ఇక పరీక్ష తరువాతి సంగతి. మే మొదటి వారం నుంచి జూన్ మూడో వారం దాకా ఆరు వారాలకు పైగా ఆ తరగతి రోజూ కూర్చుంది. అప్పటికే కోర్సు అయిపోయినట్టు లెక్క. సినిమాలు చూశారు, వేరే సబ్జెక్టుల హోంవర్కు చేసుకున్నారు, గోడ మీది 1914 నాటి యూరప్ పటం కింద ఊనో కార్డులు ఆడుకున్నారు. పరీక్షలో తాము ఏం రాశామో, ఏది తెలియక వదిలేశామో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్న ఆరాటం మొదటి రెండు మూడు రోజులు పిల్లల్లో ఎంత బలంగా ఉండిందో నేను చూశాను. దానికి బడిలో చోటు దొరకక వారం తిరిగేసరికి చల్లారిపోయింది. ఆ తరువాత జూలైలో ఒకటి నుంచి అయిదు లోపు ఒక అంకె వస్తుంది. ఆ అంకె చూసి పిల్ల ఏం నేర్చుకోవాలో నాకు తెలియదు.

ఆ ఆరు వారాల్లో ఏం జరిగి ఉండవచ్చో చెప్పడానికి మా ఇంటి సంగతే చెబుతాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి మా అమ్మాయి యూరప్ దేశాల మధ్య 1756–63లో జరిగిన సప్తవర్ష సంగ్రామం చదువుతుంటే, ఆ యుద్ధం మా ఊరిదాకా వచ్చిందని చెప్పాను. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో కర్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన, విజయనగరం రాజుగారి బలగం కలిసి ఫ్రెంచివారిని ఓడించాయనీ, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా ఇంగ్లీషువారి వశమైందనీ, అయినా పక్కనున్న యానాంలో ఫ్రెంచి పాలన 1954 దాకా సాగిందనీ చెబితే నమ్మక, పటం తెచ్చి చూపించమంది. పత్రాల వ్యాసంలో ఇచ్చిన పత్రాలకు బయటి ఆధారం ఒకటి చూపిస్తే ఏడు మార్కుల్లో ఒకటి వస్తుంది. సాధన వ్యాసంలో మా అమ్మాయి చందుర్తిని రాసింది. టీచరు మార్కు వేసి, పక్కన "దీని గురించి తరగతికి చెప్తావా?" అని రాశారు. ఆ రోజు రానేలేదు. అదే తరగతిలో ఒక అబ్బాయి తాతగారు 1980లో గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె జరిగినప్పుడు పోలండ్‌లోనే ఉన్నారట. ఆయన్ని పిలిచి మాట్లాడించడానికీ తీరిక దొరకలేదు. తీరా తీరిక దొరికిన జూన్‌లో ఆ మాట ఎవరికీ గుర్తులేదు.

పరీక్ష తేదీ మీ చేతిలో లేదని, బడి క్యాలెండరు నిర్ణయించేది స్థానిక బోర్డులని నాకు తెలుసు. ఏసీ లేని పాత భవనాల్లో ఆగస్టు తరగతులు పిల్లలకు నరకమనీ తెలుసు, కాబట్టి అందరూ ఆగస్టులోనే బడులు తెరవాలని అడగడం లేదు. అయితే బోర్డులు క్యాలెండరు వేసుకునేటప్పుడు మే పరీక్షలకు ముందు ఎన్ని బోధనా దినాలు మిగులుతున్నాయో లెక్కగట్టి తల్లిదండ్రుల ముందు పెట్టాలని మీరు ఒక సూచన పంపగలరు. అది తెలిస్తే సెప్టెంబరులో సబ్జెక్టు ఎంచుకునే పిల్లకు తన దగ్గర ఎంత సమయముందో తెలుస్తుంది.

అంతకంటే ముఖ్యంగా, పరీక్ష తరువాతి వారాలు కూడా కోర్సులో భాగమేనని, వాటికి కూడా గ్రేడు ఉంటుందని స్పష్టం చేస్తూ మార్గదర్శకాలు ఇవ్వండి. హడావుడిలో దాటేసిన చివరి యూనిట్‌ను అప్పుడు నింపాదిగా చెప్పుకోవచ్చు. పరీక్షలో వదిలేసిన కాలం మీద ఒక వ్యాసాన్ని, ఈసారి టైమరు లేకుండా, గ్రంథాలయానికి వెళ్లి రాయవచ్చు. టీచరు ఎర్ర సిరాతో దిద్ది చేతికిస్తే, జూలైలో వచ్చే అంకె చెప్పలేనిది అది చెబుతుంది.

వచ్చే ఏడాది మా చిన్నమ్మాయి ఇదే కోర్సు తీసుకుంటానంటోంది. ఫ్రిజ్ మీది కార్డులు తీయకుండా అలాగే ఉంచాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
మిడిల్‌సెక్స్ కౌంటీకి చెందిన ఒక తల్లి