తీరంలో పక్షులను తరిమించి ఫొటోలు తీయకండి

సంపాదకుడికి,

కిందటి వారం మీ జిల్లా పేజీలో కాకినాడ తీరాన ‘విహంగాల విన్యాసం’ అంటూ వేసిన పెద్ద ఫొటో గురించి ఈ లేఖ. ఎవరైనా రాస్తారేమోనని ఇన్ని రోజులు చూశాను. ఎవరూ రాయలేదు, ఇక ఉండబట్టలేకపోయాను.

ఆ ఉదయం నేను బైనాక్యులర్‌తో అక్కడే ఉన్నాను. ఆ పక్షులు విన్యాసాలేవీ చేయలేదు. ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిలుతో గుంపు మధ్యలోకి దూసుకుపోతే ప్రాణభయంతో లేచాయి. వాలిన ప్రతిసారీ మళ్లీ తరిమారు. మీ ఫొటోగ్రాఫరు వారించకపోగా ఇంకోసారి వెళ్లమని చేయి ఊపారు.

పైగా అవి ‘సైబీరియా కొంగలు’ అని రాశారు. అందులో కొంగ ఒక్కటీ లేదు. ముందువరుసలో ఉన్నవి బ్రౌన్ హెడెడ్ గల్స్ అనే నీటి పక్షులు. ఎర్ర ముక్కు, కంటి వెనక నల్ల మచ్చ మీ ఫొటోలోనే స్పష్టంగా కనిపిస్తున్నాయి. లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి చలికాలానికి మన తీరానికి వస్తాయి. వెనక మసకగా ఉన్నవి ఉల్లంకి జాతి చిన్న పిట్టలు. వీటిలో కొన్ని ఆర్కిటిక్ ప్రాంతం నుంచి వస్తాయి. ఒకప్పుడు పత్రికలో అచ్చయిందంటే నిజమని నమ్మేవాళ్లం.

పాటు వేళ నీరు తీసినప్పుడు ఈ పిట్టలు బురదలో పురుగులు, చిన్న పీతలు ఏరుకుంటాయి. పోటు రాగానే మేత మునిగిపోతుంది, ఎత్తైన ఇసుక మీదికి చేరి ఒంటికాలిపై కునుకు తీస్తాయి. వాటికి దొరికే విశ్రాంతి అంతే. సరిగ్గా అప్పుడే మనవాళ్లు బండ్లు తోలుతారు. లేచిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కరుగుతుంది. ఆ రోజు నీటి అంచున శాండ్ ప్లోవర్ అనే చిన్న తీరపు పిట్ట ఒకటి నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, పురుగును పట్టింది. తెగిపోకుండా వెనక్కి జరుగుతూ మెల్లగా లాగుతోంది. సగం బయటికి వచ్చేసరికి బండి చప్పుడైంది. వదిలేసి ఎగిరిపోయింది.

ఈ సంగతి ఒక అధికారికి ఫోను చేసి చెబితే, పక్షులకు కోరంగి అభయారణ్యం ఉంది కదా అన్నారు. 1978లో మనం గీసిన సరిహద్దు పక్షులకెలా తెలుస్తుంది? హోప్ ఐలాండ్, కుంభాభిషేకం దగ్గరి బురద నేలలు, ఈ ఇసుక, అన్నీ వాటికి ఒకే ఇల్లు. అంతరించే ప్రమాదంలో ఉన్న ఇండియన్ స్కిమ్మర్, గ్రేట్ నాట్ వచ్చే తీరమిది. బురద నేలలు అత్యంత సున్నితమైనవని 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషనే చెబుతోంది. అయినా డబ్బంతా సెల్ఫీ పాయింట్లకు, రంగుల దీపాలకే పోతోంది. గోడల మీద ఫ్లెమింగోల బొమ్మలు వేయించే శ్రద్ధలో పదో వంతు ప్రాణమున్న పక్షుల మీద పెట్టరెందుకు? చెత్త సంగతి ఎత్తితే ఈ లేఖ పూర్తికాదు.

నవంబరు నుంచి మార్చి దాకా ఆ ఇసుక మీదికి బండ్లు దిగకుండా గొలుసు కట్టి, పోటు వేళల్లో ఒక కాపలాదారుణ్ని పెట్టాలి. దీనికి టెండర్లు అక్కరలేదు. మీరు ఆ ఫొటో వేసిన చోటే, అంతే పెద్దగా, జరిగినది జరిగినట్టు అచ్చు వేయండి.

— ఒక పాఠకుడు, కాకినాడ