కింద మసక కనబడితే షుగర్ సంగతీ అడగండి

సంపాదకులకు,

టీబీ మచ్చ అంటే ఊపిరితిత్తుల పైభాగంలోనే ఉంటుందని చాలామంది లెక్క. షుగర్ లేని పెద్దవాళ్లలో ఎక్కువగా అంతే, ఎక్స్‌రేలో కాలర్ ఎముక దగ్గరే మసక కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో, అందులోనూ అదుపులో లేనివాళ్లలో, అది కింది భాగాలకూ దిగుతుంది. గుంతలు పడటమూ ఎక్కువేనని చాలా అధ్యయనాల్లో తేలింది. కానీ కింద మసక కనబడగానే 'నిమ్ము చేరింది' అని యాంటీబయాటిక్ రాసేస్తారు. తగ్గకపోతే ఇంకోటి. లివోఫ్లాక్సాసిన్ లాంటి మందు టీబీ క్రిమినీ కొంత అణుస్తుంది కాబట్టి జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఈలోగా ఇంట్లో మనవళ్లు ఆ రోగి పక్కలోనే పడుకుంటుంటారు.

తిరుపతిలో మా దగ్గరి బంధువుకు ఇదే జరిగింది. కుడివైపు కింద మసక, రిపోర్టులో న్యుమోనియా. ఎక్స్‌రే చీటీ మీద పేరు, వయసు, 'దగ్గు' అన్న ముక్క తప్ప ఏళ్లనాటి షుగర్ ఊసే లేదు. మరి ఫిల్మ్ చదివినాయనకు ఎలా తెలుస్తుంది? కళ్లెను టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ పరీక్షకు పంపేసరికే మనిషి సగమైపోయాడు.

షుగర్ ఉంటే టీబీ ముప్పు రెండు మూడు రెట్లు. టీబీ వాళ్లకు షుగర్ పరీక్ష చేయాలని, షుగర్ వాళ్లలో టీబీ లక్షణాలు వెతకాలని కేంద్రం 2017లోనే చెప్పింది. నేను చూసినంతలో రెండోదే వెనకబడింది. షుగర్ డాక్టరు దగ్గర పాదాలు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు, రెండు వారాలుగా దగ్గుందా అని మాత్రం అడగరు. 1915లోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలసిన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ మాట చెప్పాల్సి రావడం విచిత్రమే.

ఎక్స్‌రే చీటీలో షుగర్ ఉందా, ఎంత అని ఒక గడి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. షుగర్ పేషెంటు ఛాతీలో ఎక్కడ మసక కనబడినా యాంటీబయాటిక్ మార్చేముందే కళ్లె పరీక్ష రాయాలి. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం. ఎక్స్‌రే ఒక్కదాన్నే చూసి టీబీ అనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. టీబీ తేలాక షుగర్ మీద కన్నేసి ఉంచాలి, టీబీ మందు రిఫాంపిసిన్ వల్ల కొన్ని షుగర్ మాత్రల పని తగ్గుతుంది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యాధికారులు ఈ మేరకు ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ప్రైవేటు ఎక్స్‌రే సెంటర్లకూ అది వర్తించాలి, దగ్గొస్తే జనం ముందు వెళ్లేది అక్కడికే.

— ఒక పాఠకుడు, తిరుపతి