నీ నాలుగో దెబ్బ దొరికింది

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయనందుకు తిట్టాలనుంటే తిట్టేసెయ్, తర్వాత చదువు. నేను బాగానే ఉన్నాను. ఉద్యోగం అదే. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది. అక్కవాళ్లు ఇల్లు మారారు. మిగతావన్నీ ఇంకోసారి. ఈ ఒక్క సంగతీ నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మన వాన పాట పూర్తవుతోంది!

అవును, అదే. నువ్వు వెళ్లిపోయాక అటకెక్కిన పాట. గిటార్, బేస్, గొంతు అన్నీ ఉన్నాయి, నువ్వు వాయించే డ్రమ్స్ ఒక్కటే లేవు. ఇంట్లో డ్రమ్ కిట్ వాయించే వీలు లేదు కదా, అందుకని కంప్యూటర్‌లో వర్చువల్ డ్రమ్మర్‌ని పెట్టుకున్నాను. పేరుకి వర్చువల్ గానీ శబ్దాలు నిజమైనవే. మంచి డ్రమ్మర్ ఒకరు స్టూడియోలో కూర్చుని ఒకే స్నేర్ డ్రమ్‌ని మెల్లగా, కాస్త గట్టిగా, ఇంకా గట్టిగా మళ్లీ మళ్లీ కొడితే రికార్డు చేసి పెట్టుకున్న శాంపిళ్లు. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎం-1 ఉంది చూడు, అసలు డ్రమ్ శబ్దాలను శాంపిళ్లుగా పెట్టిన మొదటి డ్రమ్ మెషిన్, అందులో క్రాష్ సింబల్ లేదు తెలుసా? సింబల్ మోత చాలాసేపు సాగుతుంది, అంత మెమరీ అప్పట్లో బాగా ఖరీదు. క్రాష్ లేని కిట్! నీ ముందు పెడితే ఏమనేవాడివో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

మొదట రెడీమేడ్ గ్రూవ్ ఒకటి, అంటే తయారుగా ఉన్న లయ, తగిలించాను. బాగా వాయించాడు, వంక పెట్టడానికి లేదు. కానీ వాడికి మన పాట తెలియదు. పల్లవి చివర నేను ఊపిరి తీసుకునే చోటే పెద్ద ఫిల్, అదే ఖాళీ నింపే వాయింపు, వేసేశాడు. తీసేసి, ఒక్కో నోటూ నేనే పెట్టుకుంటూ వచ్చాను. కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, కంప్యూటర్‌లో ఒక్కో శబ్దానికీ ఉండే ఈ మిడి నంబర్లు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అన్నీ కచ్చితంగా బీట్ గీత మీద కూర్చోబెట్టాను. వింటే ప్రాణం లేదు. దెబ్బలన్నీ ఒకే బలంతో పడుతున్నాయి. వెలాసిటీ, అంటే దెబ్బ బలం, 1 నుంచి 127 వరకు ఉంటే నేను అన్నిటికీ 110 పెట్టాను. ఒకే బలం అంటే అదే శాంపిల్ మళ్లీ మళ్లీ, మెషిన్ గన్ మోగినట్టు. ఒకే బలానికి నాలుగైదు వేర్వేరు శాంపిళ్లు వంతులవారీగా మోగే రౌండ్ రాబిన్ ఉన్న కిట్ తీసుకున్నాక అది కొంత తగ్గింది. కొంతే.

ఇదిగో, అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది.

మన ఆఖరి ప్రాక్టీసు నేను ఫోన్‌లో రికార్డు చేశాను, గుర్తుందా? మొన్న శనివారం రాత్రి అది దొరికింది. సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ప్రతి బార్‌లో, అంటే ప్రతి నాలుగు బీట్ల ఆవర్తంలో, నీ మొదటి కిక్‌ని గీతకు కట్టాను. మన వేగం నిమిషానికి 88 నుంచి 93 బీట్ల దాకా తిరిగింది, దాని వెంటే టెంపో కూడా మారేలా చేసుకున్నాను. తర్వాత స్నేర్ అలలను పెద్దవి చేసి చూశాను. రెండో బీట్ స్నేర్ గీత మీదే ఉంది. నాలుగో బీట్ స్నేర్ మాత్రం కాస్త ఆలస్యంగా, వెనక. తర్వాతి బార్ చూశాను, అక్కడా వెనకే. ముప్పై రెండు బార్లు చూశాను బావా. దాదాపు ప్రతిసారీ 12 మిల్లీసెకన్లు అటూ ఇటూ. 90 వేగం దగ్గర ఒక బీట్ అంటే 667 మిల్లీసెకన్లు, అందులో పన్నెండు ఎంత! అయినా నీ వాయింపులో ఆ బరువంతా అక్కడే ఉంది. నువ్వు వెనక్కి వాలి కొడుతున్నట్టు అనిపించేది కదా, అది ఇదే.

నా ట్రాక్‌లో ఒక బీట్‌కి 480 టిక్కులు, అంటే అన్ని చిన్న ముక్కలు. నాలుగో స్నేర్లన్నీ పట్టుకుని తొమ్మిది టిక్కులు వెనక్కి జరిపాను. ప్లే నొక్కాను.

నువ్వే వాయించావు.

కాసేపు హెడ్‌ఫోన్స్ తీయకుండా అలాగే కూర్చున్నాను. ఏమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, గదిలో నువ్వు... సరే, వదిలెయ్.

ఇక ఆగలేదు. మధ్యలో నీ ఎడమచేయి గొణిగే గోస్ట్ నోట్లు 25, 30 వెలాసిటీతో పెట్టాను. కోరస్‌కి ఒక బీట్ ముందు నీ కాలు సడలి హైహ్యాట్ కొంచెం తెరుచుకుంటుంది, అదీ పెట్టాను. టామ్స్ డ్రమ్ముల మీద ఫిల్ వెళ్తుంటే నా ట్రాక్‌లో హైహ్యాట్ కూడా మోగుతోంది. వెంటనే నీ గొంతు వినిపించింది: "నాకు రెండు చేతులేరా!" ఆ హైహ్యాట్లన్నీ చెరిపేశాను. చెరిపేసరికి ఫిల్ ఎంత తేలిగ్గా దొర్లిందో!

ఫోన్ రికార్డింగ్‌లోంచి నీ స్నేర్ దెబ్బ ఒకటి శుభ్రంగా కోసి, కిట్ స్నేర్ కింద పరిచాను. మొదట శబ్దం పీలగా అయింది. చూస్తే ఒకదాని అల పైకి లేస్తుంటే రెండోది కిందికి దిగుతోంది, ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. నీ దెబ్బకి ఫేజ్ తిప్పి, అంటే అలను తలకిందులు చేసి, మొదలు కలిపేసరికి నిండుగా వచ్చింది. గది మోత పట్టే రూమ్ మైకుల ఫేడర్ కొంచెం పైకెత్తితే మన పాత గదిలాగే ఉంది. రెండో కోరస్ ముందు నీ సింహాసనం, అదే నువ్వు కూర్చునే స్టూల్, కిర్రుమంది చూడు, అది కూడా కోసి అక్కడే పెట్టాను. అది లేకపోతే ఆ కోరస్ మొదలవదు, నీకు తెలుసు.

ఒక్కటే మిగిలింది. ఆఖరి ఎనిమిది బార్లు. ఫోన్‌లో చోటు నిండిపోయి రికార్డింగ్ అక్కడే ఆగిపోయింది. అక్కడ నువ్వు రైడ్ సింబల్ మీదకి వెళ్లావని గుర్తుంది గానీ కిక్ ఏం చేసిందో గుర్తులేదు. ఏదో ఒకటి పెట్టొచ్చు, పెట్టను. నువ్వు బల్ల మీద వేళ్లతో కొట్టి ఫోన్‌లో రికార్డు చేసి పంపు. ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఎక్కడ ఏది పడుతుందో తెలిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. కిక్ కోసం మాత్రం కాలు నేలకి తన్ను, చేత్తో కొట్టకు, ఆ ఊపు వేరు. ఇంకా బ్రిడ్జ్ గురించి కూడా అడగాలి, అక్కడ నువ్వు క్రాస్ స్టిక్

కింద హారన్ కొడుతున్నారు, బయల్దేరాలి. ఎనిమిది బార్లు, మర్చిపోకు.

నీ
గిటార్‌గాడు